పైన ఎండ, కింద నీళ్లు

జనగామ నుంచి సూర్యాపేట రోడ్డు పట్టుకుని దేవరుప్పుల వైపు పోతుంటే దారి పొడుగునా ఇటుక కుప్పలు, ఇసుక కుప్పలు, సెంట్రింగ్ కర్రలు. ఏ ఊళ్లో చూసినా గోడలు లేస్తున్నాయి. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద ఒక్కో కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇస్తారు. పునాది, గోడలు, స్లాబ్, చివరి పనులు అని నాలుగు విడతలు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. కాంట్రాక్టర్ ఉండడు. మేస్త్రిని మాట్లాడుకోవడం, సిమెంటు తెచ్చుకోవడం, గోడకు నీళ్లు పట్టడం అన్నీ ఇంటివాళ్ల పనే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఎన్నో కుటుంబాలు బతుకులో మొదటిసారి, బహుశా ఆఖరిసారి, ఇల్లు కడుతున్నాయి. నేను చూడాలని బయల్దేరింది రెండే విషయాలు. ఆ ఇళ్లలోకి ఎండ ఎట్లా దిగుతోంది, ఆ ఇళ్లలోంచి నీళ్లు ఎటు పోతున్నాయి.

దేవరుప్పుల దాటాక ఒక ఊళ్లో స్లాబ్ వేసి కొన్నాళ్లే అయిన ఇంటి ముందు ఆగాను. పక్కనే పాత పెంకుటిల్లు ఇంకా నిలిచి ఉంది. మట్టి గోడలు, టేకు దూలం, గూన పెంకులు. మధ్యాహ్నం రెండు గంటలకు ఇంటి పెద్దామె కొత్త ఇంటికి తాళం వేసి పాత ఇంట్లో కూర్చుని ఉంది. "కొత్తింట్ల ఎందుకు పంటలేవమ్మా?" అని అడిగితే, "ఏం పండుడు బిడ్డా, పెనం నెత్తి మీద పెట్టినట్టు ఉంటది. రాత్రి పన్నెండైనా సల్లవడదు" అంది.

ఆమె మాటలో శాస్త్రం ఉంది. జనగామ మీద సూర్యుడు మే 10 ప్రాంతంలో సరిగ్గా నడినెత్తికి వస్తాడు, భూపాలపల్లి మీద మరో మూడు రోజులకు. అక్కడి నుంచి జూలై ఆఖరు దాకా మధ్యాహ్నపు ఎండ నెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటుంది. ఎండ మండే కాలంలో దక్షిణపు గోడ మీద పడేది తక్కువ, దాదాపు అంతా కప్పు మీదే. ఐదంగుళాల కాంక్రీటు పగలంతా ఆ వేడిని తాగి, పొద్దుగూకాక నెమ్మదిగా కిందికి వదులుతుంది. పాత ఇంటి పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోయేది. స్లాబ్‌కు ఆ సందులు లేవు. అందుకే సాయంత్రం బయట చల్లబడ్డా లోపల చల్లబడదు.

దీనికి మందు కప్పు మీద తెలుపు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, దేశంలో ఏ రాష్ట్రానికీ అప్పటికి అలాంటి విధానం లేదు. చదరపు మీటరుకు 300 రూపాయల ఖర్చు అని అప్పట్లో చెప్పిన లెక్క. ఆ లెక్కన 600 చదరపు అడుగుల కప్పుకు 17 వేల లోపే. కానీ నివాస గృహాల్లో ఆ నిబంధన 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాలకే తప్పనిసరి, చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. ఎవరి ఇంట్లో ఏసీ ఉండదో, ఎవరు స్లాబ్ కింద నేల మీద పడుకుంటారో వాళ్ల ఇంటికే ఆ నిబంధన వర్తించడం లేదు. ఇది సరిదిద్దవలసిన విషయం అని నా గట్టి అభిప్రాయం. ఐదు లక్షల్లో ఒక తెల్ల పూత కూడా భాగమని రాస్తే ఖజానాకు వచ్చే నష్టం పెద్దదేమీ కాదు. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో పేదల ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూస్తే, పొర లేని ఇళ్లకంటే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. 44 డిగ్రీల రోజున రెండు డిగ్రీలంటే పసిపిల్లకు నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ ఉన్న తేడా.

పథకంలో ఆ పూత చేరేదాకా ఆగాల్సిన పని లేదు. స్లాబ్ ఊడ్చి, కడిగి, జిగురు కలిపిన సున్నం రెండు పూతలు వేస్తే చాలు. వానలకు పోతుంది, ఏటా మార్చిలో మళ్లీ వేసుకోవాలి. చేతిలో కాస్త డబ్బుంటే పగిలిన తెల్ల టైల్స్ ముక్కలు తెచ్చి, వాలు పెట్టి పరిపించుకుంటే ఏళ్ల తరబడి ఉంటుంది. వేడీ తగ్గుతుంది, ఉరుపూ ఆగుతుంది. కప్పు తర్వాత చూసుకోవలసింది పడమటి గోడ. డబ్బు మిగలాలని కొందరు నాలుగున్నర అంగుళాల గోడ పెడుతున్నారు. మిగతా మూడు దిక్కులా ఏం చేసినా, పడమట తొమ్మిదంగుళాలు ఉండాలి, కిటికీ ఉంటే దాని మీద రెండడుగుల సజ్జా ఉండాలి. వెంటిలేటర్లు ఎదురెదురు గోడల్లో, కప్పుకు వీలైనంత దగ్గరగా పెట్టాలి. స్లాబ్ కింద పేరుకునే వేడిగాలికి అదొక్కటే దారి.

జనగామలో జనం ఎండ గురించి మాట్లాడితే, మహబూబాబాద్ జిల్లాకు వచ్చేసరికి నీళ్ల గురించే మాట్లాడారు. 2024 సెప్టెంబర్ 1 ఇంకా కళ్లముందే ఉంది. ఆకేరు పొంగి మరిపెడ మండలంలోని సీతారాం తండాను ముంచేసింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. అంతటి వరదకు ఏ ఇంటి మోరీ జవాబు చెప్పలేదు. కానీ ప్రతి ఏడూ మామూలు ముసురుకే ఇంట్లోకి నీళ్లొచ్చే ఇళ్లు చాలా ఉన్నాయి, వాటి కారణం వేరు.

కారణం సీసీ రోడ్డు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే మరో పొర పోస్తారు. పోసిన ప్రతిసారీ వీధి లేస్తుంది, ఇల్లు ఉన్నచోటే ఉంటుంది. ఒక తండాలో కొత్తగా కడుతున్న ఇంటి పునాది చూశాను. నేల నుంచి రెండడుగులు బాగానే ఎత్తారు. కానీ ఆ స్థలమే రోడ్డుకంటే అడుగున్నర పల్లం. "అక్కా, ఎత్తు ఎక్కడి నుంచి కొలిచిన్రు?" అని అడిగాను. "భూమి నుంచే సారూ, ఇంకెక్కడి నుంచి కొలుస్తరు" అంది ఆ ఇంటి ఇల్లాలు. పక్కనున్న మేస్త్రి మాత్రం రోడ్డు వైపు చూసి ఊరుకున్నాడు. కొలవాల్సింది రోడ్డు నడిమధ్య నుంచి. దానికంటే కనీసం అడుగున్నర పైన గచ్చు రావాలి. ఆ రోడ్డు మీద ఇంకో పొర పడుతుందన్న అనుమానం ఉంటే ఇంకో ఆరంగుళాలు కలుపుకోవాలి.

మోరి లెక్క కూడా పునాది రోజే తేలాలి. స్నానాల గది నుంచి వీధి మోరి దాకా 30 అడుగుల దూరం ఉందనుకోండి. నాలుగంగుళాల పైపు ప్రతి 40 అంగుళాలకు ఒక అంగుళం దిగాలి. అంటే ఆ దూరానికి తొమ్మిదంగుళాలు. మోరి అడుగు నుంచి ఈ తొమ్మిదంగుళాలు పైకి ఎక్కి, ఆపైన గది గచ్చు కింద ట్రాపుకు పట్టే లోతు కలిపితే, గచ్చు ఎంత ఎత్తులో ఉండాలో తెలిసిపోతుంది. నీళ్లు నింపిన లెవల్ పైపు పట్టుకుంటే పది నిమిషాల పని. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తున్నారు. ఇల్లంతా కట్టాక పైపు వేయబోతే వాలు దొరకదు, నీళ్లు పైపులోనే నిలుస్తాయి, దోమలు లోపలికొస్తాయి. వాలు మరీ ఎక్కువైనా మంచిది కాదు, నీళ్లు ముందు ఉరికి మురికి వెనక మిగిలిపోతుంది. పైపు మలుపు తిరిగిన ప్రతిచోటా మూత తీసి చూసుకునే చిన్న తొట్టి కట్టాలి. మలుపుల్లోనే అడ్డుపడుతుంది కాబట్టి.

వీధిలో మోరి లేని చోట ఇంకుడుగుంతే దిక్కు. జనగామ పక్కనున్న సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్ ఇంటింటికీ ఇంకుడుగుంత తవ్వుకుని పేరు తెచ్చుకుంది. ఆ ఊరిని చూసి తవ్వుకునేవాళ్లు ముందు తమ మట్టిని చూసుకోవాలి. అడుగు వెడల్పు గుంత తీసి, నీళ్లు నింపి రాత్రంతా నాననిచ్చి, తెల్లారి మళ్లీ నింపి చూడండి. ఎర్ర చెలకలో కళ్లముందే దిగిపోతుంది. అంగుళం తగ్గడానికి అరగంట దాటితే, నల్లరేగడిలో ఎక్కువగా జరిగేది అదే, ఆ గుంత మీద ఆశ పెట్టుకోవద్దు. అలాంటి చోట నీళ్లు చెట్లకే పోవాలి. గుంత తవ్వినా, దానికి ముందు మట్టి, జుట్టు, సబ్బు మడ్డి ఆగేలా చిన్న తొట్టి ఒకటి ఉండాలి. తొట్టి లేని ఇంకుడుగుంత పూడుకుపోవడానికి ఎన్నో రోజులు పట్టదు.

మరుగుదొడ్డి నీళ్లు, స్నానం నీళ్లు ఒకే గుంతలో కలపడం నేను అన్ని ఊళ్లలోనూ చూసిన పొరపాటు. మహబూబాబాద్ నుంచి నర్సంపేట మీదుగా భూపాలపల్లి పోతూ గీసుగొండ మండలం గంగదేవిపల్లిలో ఆగింది అందుకే. 2017 ఫిబ్రవరిలో కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ ఆ ఊరికి వచ్చి, జంట గుంతల మరుగుదొడ్డిలో నిండి మూసిన గుంతలోకి స్వయంగా దిగి తవ్వి తీశారు. వాసన లేని, పొడి మట్టిలాంటి ఎరువు బయటికి వచ్చింది. పద్ధతి తేలికే. రెండు గుంతలు, మధ్య కనీసం మీటరు ఎడం. ఒకటి నిండగానే దాన్ని మూసి రెండోదానికి మళ్లించాలి. ఏడాదిన్నర, రెండేళ్లు కదపకుండా వదిలితే మొదటిది ఎరువవుతుంది. స్నానం నీళ్లు అందులోకి వదిలితే మాత్రం గుంత ఎప్పటికీ ఆరదు, ఎరువూ కాదు. తాగునీటి బావికి, బోరుకు 10 నుంచి 15 మీటర్ల దూరం తప్పదు. గుంతల మూతలు నేలకంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే మొదటి వానకే నిండుతాయి.

భూపాలపల్లి జిల్లాలో చేల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం గొట్టాలు దూరం నుంచే కనిపిస్తాయి, 1,100 మెగావాట్లది. ఇలాంటి కేంద్రాల్లో మిగిలే బొగ్గు బూడిదతో చేసే ఇటుకలు కొలతకు సరిగ్గా ఉంటాయి, గిలాబు తక్కువ పడుతుంది. వాటితో కట్టేవాళ్లు రోజూ నీళ్లు పట్టడంలో మాత్రం బద్ధకించకూడదు.

మోరంచపల్లిలో నిలబడినప్పుడు స్లాబ్ మీద జనానికి అంత మమకారం ఎందుకో నాకు అర్థమైంది. 2023 జూలై 27 తెల్లవారుజామున మోరంచవాగు ఊరి మీద పడింది. ఆ ఒక్క రోజులో ఈ జిల్లాలోని చిట్యాలలో 616 మిల్లీమీటర్లు, పక్క ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. డాబాలెక్కినవాళ్లు బతికారు. సహాయ బృందాలు పడవలతో, హెలికాప్టర్లతో వచ్చేదాకా ఆ డాబాలే ఆసరా. స్లాబ్ వేడి అని పట్నం నుంచి వచ్చి పాఠం చెప్పేవాళ్లు ఈ సంగతి మరవకూడదు. వాగు దాపునున్న ఊళ్లో స్లాబ్ కావాలి, దాని మీదికి బయటి నుంచి మెట్లూ కావాలి. ఆ మెట్లను డబ్బు మిగిలితే చూద్దాంలే అని వదిలేసిన ఇళ్లు కనిపించాయి. కరెంటు బోర్డులు, సాకెట్లు నేలకు నాలుగడుగుల పైనే పెట్టించాలి.

ఇక్కడ అడవి దగ్గర. డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లో చలి గట్టిగానే ఉంటుంది. వెంటిలేటర్లలో గుడ్డలు కుక్కి, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకునే అలవాటు పెంకుటిళ్ల నుంచి వచ్చింది. పెంకుటింట్లో పొగ, విషవాయువు సందుల్లోంచి పోయేవి. మూసిన స్లాబ్ గదిలో పోవు, నిద్రలోనే ప్రాణం తీస్తాయి. పడుకునే గదిలో నిప్పు వద్దు. స్నానాలకు కట్టెల బాయిలర్ పెట్టుకునేవాళ్లు స్నానాల గది గోడకు బయట, సజ్జా కింద చోటు చూసుకుని, గోడ కట్టేటప్పుడే పైపుకు కన్నం వదిలితే లోపలికి పొగ రాదు, నీళ్లు మోసే పనీ ఉండదు. హీటర్ రాడ్ వాడే ఇంట్లో ఎర్తింగ్ లేకపోవడం చాలా ప్రమాదం.

ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చింది భూపాలపల్లికి ఇవతల ఒక చిన్న ఇల్లు. స్నానం నీళ్లు చిన్న తొట్టిలో ఆగి, పడమటి గోడ వెంట తవ్విన సన్నని కాలువలోకి పోతున్నాయి. ఆ కాలువ మీద సొర, బీర, చిక్కుడు పాదులు. మే నెలలోనూ పందిరి పచ్చగా ఉంది. మధ్యాహ్నం మూడు గంటలకు ఆ గోడకు చెయ్యి ఆనించి చూశాను, చుర్రుమనలేదు. ఇంటివాళ్లకు దీనికి అయిన ఖర్చు నాలుగు వెదురు బొంగులు. వీధిలోకి వదిలితే దోమలను పెంచే నీళ్లు ఇక్కడ గోడకు నీడ పట్టాయి. ఎండ, నీళ్లు వేర్వేరు సమస్యలని అనుకుంటూ బయల్దేరిన నాకు ఆ ఇల్లు రెండింటికీ ఒకే ప్లాను గీసి చూపించింది.

పునాది బిల్లు రాసే ముందు విస్తీర్ణంతో పాటు మూడు కొలతలు కూడా చూడమని పంచాయతీ కార్యదర్శులను, హౌసింగ్ ఇంజనీర్లను కోరుతున్నాను. రోడ్డు నడిమధ్య నుంచి గచ్చు ఎత్తు, స్నానాల గది నుంచి మోరికి వాలు, తాగునీటి బోరు నుంచి గుంత దూరం. ఇల్లు మొదలుపెట్టబోయే వాళ్లు ముగ్గు పోసే రోజున మేస్త్రి చేతికి తాడుతో పాటు లెవల్ పైపు కూడా ఇవ్వండి. పడమర ఎటో చూపించి, ఆ వైపు పాదులకు మూడడుగుల జాగా వదిలించండి.