మోకు జారిన తర్వాత

అతను నల్లగొండ వైపు గీత కార్మికుడు. నలభై ఏళ్లుంటాయి. తాడిచెట్టు మీద మోకు జారి పడ్డాడు. ఊళ్లోవాళ్లు చంకల కింద చేతులేసి లేపి, ఆటోలో కూర్చోబెట్టి తెచ్చారు. విరిగిన వెన్నుపూస ఆ గుంతల దారిలో ఇంకెంత నలిగిందో! 108కి ఫోన్ చేసి, వచ్చేదాకా కదపకుండా ఉంచినా కొంత మేలు.

నడుము కింద స్పర్శ లేదు. ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ ఉంది. పైఖర్చులకు గీత సంఘం వాళ్లు చందాలెత్తారు, మేం డాక్టర్లమూ తలా కొంత వేసుకున్నాం. ఎక్స్‌రేలో స్క్రూలు, రాడ్లు వరసగా కనబడితే నాకదో తృప్తి. డిశ్చార్జి రోజున దాత ఒకాయన మంచం పక్కన నిలబడి ఫొటో దిగాడు. నేనూ దిగాను.

రెండు నెలలకు జ్వరంతో మళ్లీ తెచ్చారు. దుప్పటి తీయగానే వాసన. నడుము కింద అరచేయంత పుండు, లోపల ఎముక తెల్లగా కనబడుతోంది.

"రెండు గంటలకోసారి పక్కకు తిప్పమన్నాను కదమ్మా" అన్నాను, కాస్త కోపంగానే.

"తిప్పుకుంట కూసుంటే పత్తి ఏరవోయేదెవరు సారూ? పొద్దుగాల తిప్పి పోతున్న, పొద్దూకినంక వచ్చి తిప్పుతున్న" అంది అతని భార్య.

స్పర్శ లేనిచోట నొప్పి పుట్టదు. ఒకేచోట బరువు పడితే రక్తం ఆడక కండ లోపల్నుంచే చస్తుంది. పైన చర్మం చిట్లేసరికి లోపల గొయ్యి సిద్ధంగా ఉంటుంది. ఇదంతా నాకు తెలుసు. ఆ ఇల్లు ఎవరి కూలి మీద నడుస్తోందో మాత్రం అడగలేదు.

అప్పట్నుంచి ఎవరైనా విరాళమిస్తామంటే గాలి పరుపు అడుగుతాను, మూత్రం పైపులు అడుగుతాను, చూసుకునే మనిషికి పోయే కూలి అడుగుతాను. కూలి మాట ఎత్తగానే కొందరి ముఖం మారుతుంది. మందుకిస్తాం గానీ తిండికా అంటారు. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో నాకింతవరకు దొరకలేదు.

2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య పేరుతో గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పడకుండా ఆపగలిగితే అంతకన్నా కావలసిందేముంది? ఇతను అప్పటికే పడ్డాడు.

పుండు మానడానికి ఏడు నెలలు పట్టింది. బడికి పోయేముందు, వచ్చాక కొడుకు తిప్పేవాడు. పగటిపూట చూసుకోవడానికి పక్కింటి అవ్వకు నెలకింతని మేమిచ్చాం. ఆమెకు గడియారం చూడడం రాదు. ఊళ్లోకి బస్సు వచ్చిన చప్పుడు వినగానే లేచి వెళ్లి తిప్పేది.