నాయనకు, తోమా సంగతి

తడ, మంగళవారం రాత్రి



క్షేమంగా చేరాను. సూళ్లూరుపేట దాటాక బస్సులో సగం మాటలు అరవంలో, సగం తెలుగులో వినబడ్డాయి. చిన్నమ్మ అందరినీ పేరుపేరునా అడిగింది. మీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? వేడినీళ్ల కాపడం మానకండి.

పొద్దున చిన్నమ్మతో బి.వి.పాళెం రేవుకు పోయాను. ఇరకం దీవికి పోయే పడవలు అక్కడ ఎక్కాలి. ఒడ్డున ఒకామె గోనెపట్ట పరుచుకుని రొయ్యలు ఏరుతోంది. పెద్దవి ఒక గంపలో, చిన్నవి ఇంకో గంపలో వేసి, మధ్యలో తగిలిన పీతపిల్లల్ని నీళ్లలోకి తోసేస్తోంది. చేతులు అంత వేగంగా ఆడుతున్నా చూపు మాత్రం మా వైపే. చిన్నమ్మ సరస్సు వైపు చెయ్యి చాపి, "తోమా గారు మైలాపూరికి ఈ పక్కగానే పోయుంటాడు" అంది. ఆ ఒడ్డున నిలబడి ఆమెతో వాదించడానికి నాకు మనసు రాలేదు. కానీ ఈ ప్రయాణం పెట్టుకున్నదే అందుకు కదా. యేసు శిష్యుడు తోమా గురించి లేఖనం చెప్పేదెంత, జనం చేర్చుకున్నదెంత అని తేల్చుకోవాలనే బయలుదేరాను.

రాత్రి బైబిలు తీసి ఆయన పేరు వచ్చిన చోట్లన్నీ వరుసగా చదివాను. అంతా కలిపినా ఒక పేజీకి రాదు. మత్తయి, మార్కు, లూకా సువార్తల్లో ఆయన పన్నెండుమంది జాబితాలో ఒక పేరు, అంతే. అపొస్తలుల కార్యముల మొదటి అధ్యాయంలోనూ అంతే. ఆయన నోరు విప్పేది యోహానులోనే. లాజరు చనిపోయినప్పుడు యేసు యూదయకు పోతే రాళ్లతో కొడతారని శిష్యులు జంకుతుంటే, మనమూ పోయి ఆయనతోపాటు చద్దాం రండి అన్నది తోమా ఒక్కడే. చివరి భోజనం దగ్గర, నువ్వు ఎక్కడికి పోతున్నావో మాకు తెలియదు, దారి ఎలా తెలుస్తుంది అని అడిగాడు. తర్వాత, లేచిన ప్రభువు గాయాలు చూస్తే గానీ నమ్మనన్న సంగతి. ఆ తర్వాత తిబెరియ సముద్రం దగ్గర పేతురుతో చేపలకు పోయినవాళ్లలో ఒకడు. ఎక్కడ పుట్టాడో, ఎక్కడికి పోయాడో, ఎలా చనిపోయాడో ఒక్క మాట లేదు. ఇండియా ఊసే లేదు.

అయితే చిన్నమ్మ చూపించిన నీళ్లకు ఆ కథలో నిజంగానే చోటుంది. 1517లో మలక్కా నుంచి వచ్చిన ఇద్దరు పోర్చుగీసువాళ్లు, వెంట ఉన్న అర్మేనియా వర్తకులతో కలిసి, ఇదే సరస్సు దక్షిణపు కొసన పులికాట్‌లో దిగారు. తోమా సమాధి చూపిస్తామని అర్మేనియావాళ్లే వాళ్లను మైలాపూరికి తీసుకుపోయారు. 1523లో పోర్చుగీసువాళ్లు అక్కడ తవ్వి ఎముకలు దొరికాయన్నారు. 1533లో గవర్నరు నూనో ద కున్యా ఆజ్ఞ మీద ఈ తీరంలో జనాన్ని పిలిచి, తోమా గురించి ఏం విన్నారో సాక్ష్యాలు రాయించుకున్నారు. ఈ నీళ్ల మీదుగా తోమా పోయాడో లేదో గానీ, ఆయన సమాధి కబురు మాత్రం పోయింది.

రేపు పొద్దున లోకల్ బండిలో చెన్నైకి పోతాను.


మైలాపూరు, గురువారం

నాయనా, ఈ రోజంతా సాంథోమ్ గుడిలోనే గడిపాను. ఇప్పుడున్న తెల్లటి గోపురపు కట్టడం ఇంగ్లీషువాళ్ల కాలంలో, 1896కు పూర్తయింది. సమాధి గది నేలకింద ఉంది. మెట్లు దిగి పోతే చల్లగా ఉంటుంది. తమిళం, మలయాళం, తెలుగు మాట్లాడేవాళ్లు పక్కపక్కనే మోకరించి ఉన్నారు. ఒక తల్లి జ్వరం వచ్చిన బిడ్డ నుదురు అక్కడి రాతికి ఆనించింది. మార్కో పోలో 13వ శతాబ్దం చివర ఈ తీరానికి వచ్చినప్పుడు, యాత్రికులు ఇక్కడి ఎర్రమట్టి పట్టుకుపోయి జ్వరం వచ్చినవాళ్లకు ఇస్తారని రాశాడు. ఆ అలవాటు అంత పాతది. దానిని నేను తక్కువ చేయను.

మనకు తెలిసిన వివరమైన కథల్లో పాతది 3వ శతాబ్దం మొదట్లో ఎదెస్సా ప్రాంతంలో, సిరియా భాషలో రాసిన 'తోమా కార్యములు'. శిష్యులు దేశాలకు చీట్లు వేసుకుంటే ఇండియా తోమాకు వచ్చింది. నేను పోనన్నాడు. యేసే ఆయన్ను హబ్బాన్ అనే వర్తకుడికి పనివాడుగా అమ్మేశాడు. గొండోఫరెస్ రాజు మేడ కట్టమని డబ్బిస్తే తోమా అంతా బీదలకు పంచేసి, నీ మేడ పరలోకంలో లేచింది అన్నాడు. పిల్లలకు చెప్పడానికి ఎంత బాగుంటుందో! యోహాను ఆయన్ను కవల అని మాత్రమే అన్నాడు, ఎవరికి కవలో చెప్పలేదు. ఈ పుస్తకం ఏకంగా యేసుకే కవలను చేసింది.

ఈ గొండోఫరెస్ ఉత్త కల్పన అని చాలాకాలం అనుకున్నారు. 19వ శతాబ్దంలో ఆయన నాణేలు దొరికాయి. తఖ్త్-ఇ-బాహీ శాసనంలో పేరు దొరికింది. ఒకటో శతాబ్దపు రాజే. కానీ ఆయన ఏలింది తక్షశిల వైపు, మైలాపూరు కాదు. రాజు నిజమైనంత మాత్రాన కథంతా నిజం కాదు, కథ ఎదెస్సాలో పుట్టినంత మాత్రాన తోమా రాలేదనీ కాదు. రోము ఓడలు మిరియాలకోసం కేరళ తీరంలోని ముజిరిస్‌కు వస్తున్న కాలం అది. క్రీ.శ. 52లో ఆయన అక్కడ దిగాడని కేరళ క్రైస్తవులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. రావడానికి దారి ఉంది. వచ్చాడని లేఖనం మాత్రం చెప్పదు. నా మటుకు నేను ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉంచుకుంటాను.

ఎముకల సంగతి ఇంకా చిక్కు. వాటిని పడమటికి ఎత్తుకుపోయారని ఆ పాత పుస్తకమే అంటుంది. 4వ శతాబ్దంలో ఎదెస్సా తమ దగ్గరున్నాయంది. 1258 నుంచి ఇటలీలో ఒర్తోనా తమవంటోంది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆయన చావు కథ. 'తోమా కార్యముల'లో మజ్దాయి అనే రాజు పంపిన నలుగురు సిపాయిలు బల్లేలతో పొడుస్తారు. మార్కో పోలో విన్నదాంట్లో నెమళ్లను వేటాడే మనిషి వేసిన బాణం గురితప్పి తగులుతుంది, ఎవరి తప్పూ లేదు. పోర్చుగీసువాళ్లు వచ్చాక బ్రాహ్మణులు చంపారనే మాట గట్టిపడింది. ఈ మూడింటికీ చూసిన సాక్షి ఒక్కడూ లేడు. అయినా ఈ చివరిదాన్ని మన మీటింగుల్లో చరిత్రలాగా చెప్తున్నారు. ఋజువులేని హత్యను పక్కింటివాళ్ల తాతల మీద వేయడం అబద్ధసాక్ష్యమే, నాయనా. పది ఆజ్ఞలు మనకు నేర్పింది మీరే.


పరంగిమల, శుక్రవారం

తోమా చనిపోయాడని చెప్పుకునే ఈ కొండ మీదికి మెట్లెక్కి వచ్చాను. దారిపొడవునా సిలువమార్గం బొమ్మలు, పైకి చేరాక కిందే మీనంబాకంలో దిగుతున్న విమానాలు. ఈ మెట్లు కట్టించినవాడూ ఒక అర్మేనియా వర్తకుడే, పెట్రస్ ఉస్కాన్. సైదాపేటలో 1726లో వంతెన కట్టించింది ఆయనే.

గుడిలో బలిపీఠం వెనక గోడలో ఒక రాతిసిలువ ఉంది. 1547లో పునాదులు తవ్వుతుంటే దొరికింది. మన సిలువల్లాగా సాదాగా ఉండదు. కొసలు మొగ్గల్లా విచ్చుకుని ఉన్నాయి, పైన పావురం దిగుతోంది. చుట్టూ కమాను మీద అక్షరాలు చెక్కారు. అవి తోమా చెక్కినవని కొందరు ఇంకా అంటారు. అది పహ్లవీ లిపి, పారసీకదేశపు రాత. పండితులు 7, 8 శతాబ్దాలదంటారు. అంటే తోమా కాలానికి ఆరేడు వందల ఏళ్ల తర్వాతిది. దీని వల్ల తోమా ఇక్కడ చనిపోయాడని తేలదు. తేలేది వేరే, నాకు అంతకంటే గొప్పగా తోచింది: పోర్చుగీసువాళ్లకు ఎన్నో వందల ఏళ్ల ముందే పారసీకంతో సంబంధాలున్న క్రైస్తవులు ఈ తీరంలో ప్రార్థన చేసుకున్నారు. మన మతం తెల్లవాళ్లు తెచ్చింది అనేవాళ్లకు జవాబు చెప్పడానికి కట్టుకథ అక్కర్లేదు, ఈ రాయి చాలు. 1558 డిసెంబరు 18న ఈ సిలువకు నెత్తురు చెమటలా పట్టిందని, 1704 దాకా మళ్లీమళ్లీ పట్టిందని రాసిపెట్టారు. అది వాళ్ల సాక్ష్యం. నేను విన్నట్టే మీకు చెప్తున్నాను.

ఇంకో సంగతి మీతో తప్ప ఎవరితోనూ అనలేను. మైలాపూరు కథల్ని వేరు చేయడం తేలికే, అవి బైబిలు బయట ఉన్నాయి. బైబిల్లోనే ఉన్నాయని మనం అనుకునేవాటిని ఏం చేయాలి? తోమా గాయంలో వేలు పెట్టాడని మన మందిరాల్లో ఎన్నిసార్లు విన్నాం! ఇటలీ చిత్రకారుడు కరవాజియో గీసిన బొమ్మలో వేలు లోపలికంటా పోయి ఉంటుంది. యోహాను 20వ అధ్యాయం మళ్లీ చదవండి. పెట్టి చూడమని ప్రభువు అంటాడు. తోమా పెట్టాడని ఎక్కడా లేదు. ఆయన వెంటనే నా ప్రభువా, నా దేవా అని ఒప్పుకున్నాడు. ఇంకా చూస్తే, తోమా అడిగింది మిగతా శిష్యులకు ముందే దక్కింది. ప్రభువు వాళ్లకు చేతులూ పక్కా చూపించింది ఆ ఆదివారం సాయంత్రమే, తోమా లేనప్పుడు. లూకాలోనైతే వాళ్లు కూడా నమ్మలేక తెల్లబోయారు. అనుమానం పేరు మాత్రం ఈయన ఒక్కడికే అంటింది. చావుకు పోదాం రండి అన్నవాడిని పిరికి అనుమానిగా చేసింది పోర్చుగీసువాళ్లు కాదు, మన పుల్పిట్లే.

ఈ ఆదివారం మీ సండేస్కూలు పిల్లలకు తోమా పాఠం చెప్పేటట్టయితే యోహాను 11వ అధ్యాయంతో మొదలుపెట్టండి. మేడ కథ కూడా చెప్పండి, వాళ్లకు నచ్చుతుంది. ఇది బైబిల్లోది కాదు, తర్వాత జనం చెప్పుకున్నది అని ముందే చెప్పి మరీ చెప్పండి. పిల్లలకు ఆ తేడా అర్థమవుతుంది.

రేపు సాయంత్రానికి తడకు పోతాను. చిన్నమ్మకు చెప్పాల్సినవన్నీ ఆమె దగ్గర కూర్చుని నెమ్మదిగా చెప్పి, సోమవారం బయలుదేరతాను. అమ్మకు వందనాలు.

మీ కూతురు