కత్తి ఆటపై మనసు పడింది



ఫెన్సింగ్ అంటే తోట చుట్టూ వేసే కంచె అని మాత్రమే తెలిసినదాన్ని. పీజీ హాస్టల్లో ఒక రాత్రి సెల్‌ఫోన్‌లో టోక్యో ఒలింపిక్స్ పోటీ చూశాను. తెల్ల దుస్తులు, ముఖానికి జాలీ, చేతిలో కత్తి. 2021 జూలై 26న చెన్నై అమ్మాయి భవానీదేవి ట్యునీషియా క్రీడాకారిణిపై 15-3తో గెలిచింది. తర్వాతి పోటీలో ఓడింది. అయినా ఒలింపిక్స్‌లో ఈ ఆట ఆడిన మొదటి భారతీయురాలు ఆమే. ఇంటిపేరు చదలవాడ అని చదివి మురిసిపోయాను.

ఆమెది సేబర్ విభాగం. నడుము పైభాగమే గురి. పొడవవచ్చు, అంచుతో కొట్టవచ్చు. తగిలితే దీపం వెలుగుతుంది. ఇద్దరి దీపాలూ వెలిగితే దాడి మొదలుపెట్టినవారికే పాయింటు. ఈ ఒక్క నిబంధన బోధపడేసరికి తెల్లవారింది!

2004లో ఆమె స్కూల్లో మిగతా ఆటల్లో ఖాళీల్లేక ఫెన్సింగ్ మిగిలిందట. సాధన వెదురు కర్రలతోనట. నాకు పీజీలో దొరికిందీ అలా మిగిలిన సీటే. ఇక వెదురుకు మన కొండల్లో కరువా?

సెలవుల్లో ఊళ్ళో చెల్లితో మొదలుపెట్టాను. మాకు జాలీ లేదు కనుక ముఖం వైపు కర్ర ఎత్తకూడదని షరతు. "ఇంటికి మొదటి డిగ్రీ తెచ్చావు, ఇప్పుడీ కర్రలాట ఏటే?" అంది అమ్మ. కాసేపటికి చెల్లి పక్షాన లెక్క పెట్టడం మొదలెట్టింది.

ఇరవైమూడేళ్ళ నాకు ఒలింపిక్స్ అందవు. ఆరో తరగతి చెల్లెళ్ళకు వయసుంది. వార్షికోత్సవానికి రెండు కర్రలతో వస్తున్నాను. వార్డెన్ గారు ఒప్పుకోవాలి.