రామనామము, శివనామము

శివాలిక్ కొండలలో వానలకు మట్టి కొట్టుకొనిపోయినప్పుడెల్ల రాయిగా మారిన ఎముకలు బయటపడుచుండును. అక్కడి జనులు వాటిని ‘బిజలీ కీ హాడ్’ అన్నారు. పిడుగు ఎముకలని అర్థము. శాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లకంటె ఈ పేరే పాతది.

అచ్చటి లుప్త వానరజాతి యొకదానికి 1910లో గై పిల్‌గ్రిమ్ ‘శివపిథికస్’ అని పేరు పెట్టినాడు. పిథికస్ అనగా గ్రీకు భాషలో కోతి. 1932లో యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థి ఎడ్వర్డ్ లూయిస్‌కు హరితల్యాంగర్ గ్రామము చెంత, నేటి హిమాచల ప్రదేశములో, పై దవడ తునక యొకటి దొరికినది. అందులో ఉన్నవి నాలుగే పళ్లు. వాటిలో మానవుని పోలికలు చూచి అతడు 1934లో దానికి ‘రామపిథికస్ బ్రెవిరోస్ట్రిస్’ అని నామకరణము చేసినాడు. పొట్టిమూతి గల రాముని కోతి యన్నమాట. వానరసేనను ఎరిగిన మన చెవికి ఇంతకంటె ఇంపైన పేరేముండును?

మరుసటి యేడే హర్డ్‌లిచ్‌కా అను పండితుడు ఈ పోలికలను కొట్టివేసినాడు. పేరు మరుగున పడినది. 1961లో ఎల్విన్ సైమన్స్ దానిని మరల పైకి తెచ్చెను. ఆ దవడ మన దవడవలె విల్లుగా వంగియుండినదని అతని వాదము. తునకలో దవడ నడిమి భాగమే లేదు. లేని భాగమును ఊహతో పూరించి గీచిన విల్లు అది! అయినను పాఠ్యపుస్తకములు రామపిథికస్‌ను మానవుని మూలపురుషుడుగా కూర్చుండబెట్టినవి. మన పూర్వికుడు మన కొండలలోనే దొరికెనన్న మాట ఎవరికి చేదు?

1967లో సారిచ్, విల్సన్ అనువారు రక్తములోని ప్రోటీనులను పరీక్షించి, మానవుడును ఆఫ్రికా వానరములును విడివడి సుమారు 50 లక్షల సంవత్సరములే అయినదన్నారు. రామపిథికస్ వయస్సు కోటి దాటినది. రెండును నిజము కాజాలవు. ఎముకలవారు రక్తమువారిని చాలకాలము లెక్కచేయలేదు.

తీర్పు పాకిస్తానులోని పోత్వార్ పీఠభూమి నుండి వచ్చినది. అక్కడ దొరికిన శివపిథికస్ ముఖమును డేవిడ్ పిల్‌బీమ్ 1982లో ప్రకటించినాడు. అది ఒరాంగుటాను ముఖమును పోలియున్నది. పిల్‌బీమ్ అంతకుముందు సైమన్స్ పక్షమున నిలిచినవాడు. తన మాటను తానే వెనుకకు తీసికొనుట పండితులలో అరుదు. రామపిథికస్ వేరు జాతి కాదని, శివపిథికస్‌లోని చిన్న ఆకారములనే ఆ పేరుతో పిలిచినారని తేలినది. ఒకే జంతువునకు రెండు పేర్లున్నచో ముందు పెట్టినదే నిలువవలెనని ప్రాణిశాస్త్ర నియమము. 1910 ముందు, 1934 వెనుక. కనుక రాముడు శివునిలో కలిసిపోయినాడు.

యేల్‌లోని పీబాడీ మ్యూజియము పట్టికలో ఆ నాలుగు పళ్ల తునక సంఖ్య 13799.