లావా ఆగిన గుమ్మం

రాజమండ్రి దగ్గర కాతేరులోనో, గోదావరికి ఆవల పంగిడిలోనో నల్లరాతి క్వారీలు మీలో కొందరు చూసే ఉంటారు. మన రోడ్లకు, స్లాబులకు కంకర అయ్యే ఆ రాయి ఎక్కడిదో నాకు తెలిసినది హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపంలో.

మారిషస్‌లో ఉద్యోగం చేస్తున్న మా పెద్దబ్బాయి దగ్గరకు వెళ్ళినప్పుడు, విమానంలో ముప్పావు గంట దూరంలో ఉన్న ఈ ఫ్రెంచి ద్వీపానికి కూడా మమ్మల్ని తీసుకువెళ్ళాడు. సముద్రపు అడుగు నుండి లావా పొరలు పొరలుగా పేరుకొని నీటి పైకి లేచిన నేల ఇది. ఇక్కడి అగ్నిపర్వతం పితోన్ ద లా ఫుర్నేజ్ ఎత్తు 2,632 మీటర్లు. ఇప్పటికీ తరచుగా పొంగుతూనే ఉంటుంది. ఫుర్నేజ్ అంటే కొలిమి. ఫ్రెంచి బైబిలులో షద్రకు, మేషాకు, అబేద్నెగోలను పడవేసిన అగ్నిగుండానికీ ఇదే మాట.

తూర్పు తీరపు రోడ్డు లావా మీదుగానే పోతుంది. 2007లో లావా ఈ రోడ్డును కప్పివేసి సముద్రంలోకి దిగి, తీరాన్ని కొంత ముందుకు జరిపింది. గట్టిపడిన లావా కొన్నిచోట్ల పేనిన తాళ్ళవలె నున్నగా ఉంటుంది. మరికొన్నిచోట్ల కమ్మరి కొలిమిలోని చిట్టెంలా గరుకుగా ఉండి చెప్పులను కోసేస్తుంది. రాతిలో ఆకుపచ్చని ఆలివిన్ పలుకులు మెరుస్తాయి. పాత లావాపై ముందు బూడిదరంగు లైకెన్, తరువాత ఫెర్న్ మొక్కలు వస్తాయి.

భూగర్భంలో వేడి పైకి పొంగే తావు ఒకటి ఉన్నదనీ, దాని మీదుగా భూమి పైపొర మెల్లగా జరిగిపోతుందనీ శాస్త్రజ్ఞులు చెబుతారు. దీపం మీద కాగితం జరిపితే వరుసగా మచ్చలు పడవా, అలాగే. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం ఆ తావు మీద ఉన్నది మన దేశమే. దక్కను లావా అప్పటిది. అందులో కొంత గోదావరి ప్రాంతం వరకు పారివచ్చిందని చాలామంది అభిప్రాయం. మన దేశం ఉత్తరానికి జరిగిపోయాక లక్షద్వీపాల, మాల్దీవుల అడుగు రాయి, తరువాత మారిషస్, చివరకు రీయూనియన్ ఏర్పడ్డాయి. పంగిడి కంకరకు రీయూనియన్ తమ్ముడన్నమాట! మరొక సంగతి. 1828లో ఈ ద్వీపానికి వచ్చిన మొదటి భారతీయ కూలీలు మన యానాం నుండి వచ్చినవారే.

పితోన్ సెంత్ రోజ్ అనే ఊరిలో ఒక కాథలిక్ ఆలయం ఉంది. 1977 ఏప్రిల్‌లో లావా ఊరి మీదికి వచ్చింది. జనాన్ని ముందే తరలించినందున ప్రాణనష్టం జరగలేదు. లావా ఆలయం ముందు రెండుగా చీలి, గోడల పక్కనుండి సాగి, గుమ్మంలోకి కొద్దిగా వచ్చి ఆగిపోయింది. ఆ నల్లరాయి ఇప్పటికీ గోడలను ఆనుకొని ఉంది. ఆలయానికి లావాల మాత అన్న పేరు వచ్చింది. ఇది అద్భుతమని చాలామంది నమ్ముతారు. లావా చల్లబడి చిక్కనయ్యేకొద్దీ చిన్న అడ్డు వచ్చినా పక్కకు తిరుగుతుందని మా అబ్బాయి వివరించాడు. నాకు రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డు అనిపించలేదు.

అయితే ఆ లావాలోనే ఎన్నో ఇళ్ళు కాలిపోయాయి. నా భార్య గుమ్మం దగ్గర రాతిపై చేయివేసి అడిగింది: "ఏమండీ, ఆ ఇళ్ళవాళ్ళు కూడా ప్రార్థన చేసే ఉంటారు కదా?"

అవునన్నాను. అంతకు మించి చెప్పలేకపోయాను. ఇద్దరమూ లోపలికి వెళ్ళి, వెనుక బల్లపై కాసేపు కూర్చున్నాము.