దత్తమండల కళాశాల: ఒక తండ్రి అడిగిన ప్రశ్న

ఆదోని పట్టణానికి వచ్చిన అతిథులకు మేము మొదట చూపించేది సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు. బీజాపూరు సుల్తానుల తరఫున 17వ శతాబ్దంలో ఈ సీమను ఏలిన ఆ హబ్షీ సర్దారు పేరు ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. ఆ తరువాతి చరిత్ర మాత్రం పెద్దలకు సైతం అంతగా తెలియదు. బీజాపూరు పోయి మొగలులు వచ్చినారు. మొగలుల తరువాత ఆదోని నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు అయినది. 1786లో టిప్పు సుల్తాన్ ముట్టడించి కోటను పట్టుకొన్నాడు. తరువాత మళ్ళీ నిజాం చేతికి వచ్చిన ఈ ప్రాంతాన్ని నిజాం 1800లో, తన రక్షణకు ఉంచుకొన్న సైన్యం ఖర్చు కింద, ఈస్టిండియా కంపెనీకి వదిలివేసినాడు.

అట్లా వదిలివేసిన జిల్లాలను ఇంగ్లీషువారు ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’ అన్నారు. మనవారు దానిని ‘దత్తమండలాలు’ అని తెనిగించినారు. దత్తమంటే ఇవ్వబడినది. ఇచ్చినది నిజాం, పుచ్చుకొన్నది కంపెనీ. ఈ నేల మీద బ్రతికేవారిని అడిగినవారు ఎవరూ లేరు. నూరేళ్ళకు పైగా మన తాతలు ఆ పేరుతోనే పిలువబడినారు. 1916లో అనంతపురంలో ప్రభుత్వం ఒక కళాశాలను తెరచినప్పుడు దానికీ ఆ పేరే పెట్టినారు. అదే దత్తమండల కళాశాల, నేటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల. మొన్న వేసవిలో మేము ఆ కళాశాలకు వెళ్ళి వచ్చినాము.

వెళ్ళవలసిన పని మాది కాదు, మా మదర్సాలో చదివిన ఒక అబ్బాయిది. నూర్‌బాషా కుటుంబం. వారి పెద్దలు పత్తి ఏకి పరుపులు కుట్టి బ్రతికినవారు. యంత్రాలు వచ్చిన తరువాత ఆ వృత్తి చిక్కిపోయి, అబ్బాయి తండ్రి ఆదోని పత్తి మార్కెట్టులో హమాలీగా చేరినాడు. మార్కెట్టులో పని సన్నగిల్లిన నెలలలో, చుట్టుపక్కల పల్లెలవారివలెనే, భార్యాబిడ్డలతో గుంటూరు వైపు సుగ్గికి పోతాడు. మిరప కోత, పత్తి తీత. సుగ్గి అంటే ఏమిటో ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు ప్రాంతాల పాఠకులకు చెప్పనక్కరలేదు. ఇతర జిల్లాలవారికి ఒక్క మాట: ఇంటికి తాళం వేసి, బియ్యం మూటలతో, పిల్లలతో సహా లారీ ఎక్కి నెలల తరబడి కూలికి పోవడాన్ని ఇక్కడ సుగ్గి అంటారు. అన్ని చేతులూ పని చేస్తేనే నాలుగు డబ్బులు మిగులుతాయి కనుక బడి ఈడు పిల్లల చేతులు కూడా లెక్కలోకి వస్తాయి. ఈ అబ్బాయి ఆ లారీలు ఎక్కుతూ, దిగుతూనే మా వద్ద ఖుర్ఆన్ పఠనం నేర్చుకొన్నాడు, ఇంటర్మీడియట్ కూడా గట్టెక్కినాడు. ఇప్పుడు బి.ఏ. చదువుతానంటాడు. తండ్రికి ఆ కళాశాలను కళ్ళారా చూడాలని ఉన్నది. తోడుగా మమ్మల్ని రమ్మన్నాడు.

బస్సులో ఆలూరు, గుంతకల్లు, గుత్తి, పామిడి మీదుగా వెళ్ళినాము. ఆదోని వదలిన కొంతసేపటి వరకు నల్లరేగడి. పత్తికి అంతకన్న మంచి నేల లేదు, వాన పడితే. దక్షిణానికి పోయే కొద్దీ నేల ఎర్రబడి, గులకరాళ్ళు తేలి, వేరుశనగ చేలు మొదలవుతాయి. గుత్తి కోట కొండ చాలా దూరం నుండే కనబడుతుంది. దత్తమండలాలకు మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చి రైతువారీ పద్ధతిని పాదుకొల్పిన థామస్ మన్రో, తరువాత మద్రాసు గవర్నరై, 1827లో ఈ ప్రాంతంలోనే పర్యటిస్తూ పత్తికొండలో కలరాతో చనిపోయినాడు. ఆయనను మొదట పూడ్చినది గుత్తిలోనే. తరువాత అస్థికలను మద్రాసుకు తరలించినారు. పామిడి దగ్గర పెన్న దాటినాము. ఏటిలో ఇసుక తప్ప నీరు లేదు.

అబ్బాయి కార్యాలయం వద్ద వరుసలో నిలబడినాడు. మేమూ, అతని తండ్రీ చెట్టు నీడన కూర్చున్నాము. కొంతసేపు మౌనంగా ఉండి ఆయన అడిగినాడు: “హజ్రత్, ఈ కాలేజీలో చదివినోళ్ళు ఏమైనారు?”

దీనికంటె న్యాయమైన ప్రశ్న లేదు. మూడేళ్ళ కూలిని వదులుకొనే ఇల్లు అది. మాకు తెలిసినంత చెప్పినాము.

చదువు చెప్పినవారిలో మొదట వచ్చే పేరు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారిది. కళాశాల తెరచిన 1916లోనే ఆయన కొద్దికాలం ఇక్కడ తత్త్వశాస్త్రం బోధించినారు. అప్పటికి వయస్సు ముప్పై లోపే. 1962లో రాష్ట్రపతి అయినారు. ఈ కళాశాలలో చదివినవారిలోనూ ఒకరు రాష్ట్రపతి అయినారు. ఆయన నీలం సంజీవరెడ్డిగారు, అనంతపురం జిల్లా ఇల్లూరువారు. 1929లో గాంధీగారు ఈ జిల్లాకు వచ్చి వెళ్ళిన తరువాత ఆ యువకుని మనస్సు చదువు మీద నిలువలేదు. 1931లో పట్టా అందుకోకుండానే కళాశాల విడిచి స్వాతంత్ర్యోద్యమంలో దూకినారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు మొదటి ముఖ్యమంత్రి, తరువాత లోక్‌సభ స్పీకరు, 1977 నుండి 1982 వరకు రాష్ట్రపతి.

“అంటే చదువు ఇడిసిపెట్టినోడే పెద్దోడైనాడు” అని నవ్వినాడు తండ్రి. ఆ నవ్వులో కొంత భయం కూడా ఉన్నది. కనుక రెండవ పేరు తీరికగా చెప్పినాము.

కర్నూలుకు దగ్గరలోని పెద్దపాడులో 1921లో ఒక దళిత కుటుంబంలో దామోదరం సంజీవయ్యగారు పుట్టినారు. పుట్టిన కొద్ది రోజులకే తండ్రి పోయినాడు. పొలం లేదు, ఇల్లు అనదగిన ఇల్లు లేదు. కర్నూలు మునిసిపల్ ఉన్నత పాఠశాలలో చదివి, పై చదువుకు అనంతపురం వచ్చినారు. నాటికి కర్నూలులో ఉస్మానియా కళాశాల ఇంకా పుట్టలేదు. ఇక్కడ ఆయన తీసుకొన్నవి గణితం, ఖగోళశాస్త్రం. నెల చివరి రొట్టెకు కూడా లెక్క చూసుకోవలసిన కుర్రవాడు నక్షత్రాల గమనాన్ని లెక్కించే విద్యను ఎంచుకొన్నాడు. మేము ఈ మాటను మా విద్యార్థులకు అనేకసార్లు చెప్పి ఉన్నాము. పేదవాడి పిల్లకు కూడు పెట్టే చదువే చాలునని తేల్చివేసేవారు మన మహల్లాలలో తక్కువేమీ లేరు.

1942లో బి.ఏ. పూర్తి అయినది. వెంటనే అందలం దొరకలేదు. యుద్ధకాలంలో కర్నూలు రేషనింగ్ కార్యాలయంలో గుమాస్తాగిరీ, బళ్ళారిలో కొద్దినాళ్ళ తాత్కాలిక ఉద్యోగం, మద్రాసులో బడిపంతులుతనం. లా చదివి పట్టా పుచ్చుకొనే సరికి 1948. నాలుగేళ్ళలో, 1952లో, రాజాజీ మంత్రివర్గంలో మంత్రి. 1960 జనవరిలో, ముప్పై తొమ్మిది నిండకముందే, ఆంధ్రప్రదేశ్‌కు రెండవ ముఖ్యమంత్రి. దేశంలో ఆ పదవికి వచ్చిన మొదటి దళితుడు ఆయనే. వృద్ధులకు పింఛను ఆయన హయాంలో మొదలైనది. అవినీతి నిరోధక శాఖ 1961లో ఏర్పడినది కూడా అప్పుడే. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న రోజులలో తల్లి పెద్దపాడులోనే ఉండి మట్టికుండలో వండుకొనేదని కర్నూలు వైపు వృద్ధులు నేటికీ చెప్పుకొంటారు.

ఇక్కడ పాఠకులు ఒకటి గమనింతురుగాక. ఆంధ్రప్రదేశ్ మొదటి ఇద్దరు ముఖ్యమంత్రులూ ఈ ఒక్క చిన్న కళాశాలలో చదివినవారే. ఒకరు భూములున్న ఇంటివారు, ఒకరు ఏమీ లేని ఇంటివారు. ఒకరికి కళాశాలను వదలి వెళ్ళగల తాహతు ఉన్నది. రెండవవారికి లేదు, పట్టా చేతికి రానిదే ఆయనకు దారి లేదు. మా పక్కన కూర్చున్న తండ్రి కొడుకు ఈ రెండవ దారి వాడు. ఆయన నవ్వుకు జవాబుగా మేము ఇదే చెప్పినాము.

ఆయన మళ్ళీ అడిగినాడు: “మనోళ్ళు ఎవురన్నా ఉండారా హజ్రత్?”

మేము చెప్పిన పేరు ముస్లిం పేరు కాదు, విద్యార్థి పేరు కూడా కాదు. చిలుకూరి నారాయణరావుగారు. ఉత్తరాంధ్ర నుండి వచ్చి ఈ కళాశాలలో తెలుగు బోధించిన పండితుడు. ‘దత్తమండలం’ అన్న మాట ఆయనకు ముల్లువలె గుచ్చుకొన్నది. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలలో ఆ పేరును తీసివేసి ‘రాయలసీమ’ అని పెట్టుకొందామని సూచించినారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు పెట్టినారనే వాడుక కూడా ఉన్నది గాని, చిలుకూరివారే సూచించినారన్నది నేడు ఎక్కువమంది అంగీకరించే మాట. దత్తమండల కళాశాలలో జీతం తీసుకొంటూ ఆ పేరు చెరిపివేయడానికి పూనుకొన్న మనిషి! తెలుగు ప్రాకృతం నుండి పుట్టినదని వాదిస్తూ ‘ఆంధ్ర భాషా చరిత్రము’ అనే పెద్ద గ్రంథం కూడా వ్రాసినారు. ఆ వాదాన్ని తరువాతి భాషావేత్తలు ఒప్పుకోలేదు. ఆయన పెట్టిన పేరును మాత్రం ఈ సీమ అంతా ఒప్పుకొన్నది.

అయితే మేము ఆయన పేరు చెప్పినది అందుకు కాదు. పవిత్ర ఖుర్ఆన్‌ను మొదటిసారి పూర్తిగా తెలుగులోకి తెచ్చినవారు ఆయనే. ‘కురాను షరీఫు’ అన్న పేరుతో 1930 ప్రాంతంలో అది వెలువడినది. తరువాత ముస్లిం విద్వాంసులు అరబీ మూలాన్ని ముందుంచుకొని చేసిన అనువాదాలు వచ్చినవి. మేము పాఠానికి వాడేది వాటినే. కాని మొదట గడప దాటినవాడు ఒకడుంటాడు. ఉర్దూ ఎరుగని, తెలుగే ఇంటి భాషగా గల నూర్‌బాషా కుటుంబాలు ఈ సీమలో ఎన్నో. అల్లాహ్ గ్రంథం తమ అమ్మ మాట్లాడే మాటలలో ఏమని చెబుతున్నదో మొదట వారికి అందించబూనినది అనంతపురంలోని ఒక బ్రాహ్మణ పండితుడు. పూర్వ విద్యార్థుల లెక్కలో అధ్యాపకుడు రాడు కదా అని ఎవరైనా అనవచ్చు. ముప్పై ఏళ్ళుగా పాఠం చెబుతున్న మాకు ఆ లెక్క అంత గట్టిగా తోచదు.

ఆ తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. “ఆ పుస్తకం ఇప్పుడు దొరుకుతాదా?” అన్నాడు చివరకు. తనకు చదవడం రాదు, కొడుకు చదివితే వింటాడట.

కర్నూలు ఉస్మానియా కళాశాల సంగతి కూడా ఆయనకు చెప్పవలసి వచ్చినది. కర్నూలు బిడ్డ, అరబీ విద్వాంసుడు డాక్టర్ అబ్దుల్ హఖ్‌గారు 1947లో దానిని స్థాపించినారు. నేడు కర్నూలులోని ఉర్దూ విశ్వవిద్యాలయం ఆయన పేరుతోనే ఉన్నది. ఆ కళాశాల గురించి వేరుగా వ్రాయదగినంత ఉన్నది, ఇన్షా అల్లాహ్ మరొకసారి. అబ్బాయికి రెండు దారులూ చూపినాము. అనంతపురమే కావాలన్నాడు. కారణం అడిగితే, సంజీవయ్యగారూ ఇల్లు వదలి ఇక్కడికే వచ్చినారు కదా అన్నాడు. చెట్టు కింద మా మాటలు అతనికి వినబడుతూనే ఉన్నవి కాబోలు.

కార్యాలయంలో అడిగిన కాగితాలలో ఆదాయ ధ్రువపత్రం ఒకటి తక్కువైనది. అది ఆదోని తహసీల్దారు కార్యాలయం నుండి తేవాలి. హాస్టలు గురించి వేరే దరఖాస్తు. ఇటువంటి పనికి వెళ్ళే తల్లిదండ్రులు కుల, ఆదాయ పత్రాలు, బదిలీ పత్రం, మార్కుల జాబితా, ఆధార్, బ్యాంకు పుస్తకం ముందే సిద్ధం చేసుకొంటే రెండవ ప్రయాణం, ఒక రోజు కూలి మిగులుతాయి.

అస్ర్ నమాజు తరువాత బస్సు ఎక్కినాము. గుత్తి దాటేవరకు తండ్రి కిటికీలో నుండి బయటికే చూస్తూ కూర్చున్నాడు. తరువాత, కొడుకు నిద్రపోయినాడని చూసుకొని, మెల్లగా అన్నాడు: “ఈ యాడాది సుగ్గికి వాన్ని పిల్సుకపోను హజ్రత్. నేనూ వాళ్ళమ్మా పోతాం.”