ఈల వెయ్యని జబ్బు

సినిమా హాల్లో ఉన్నట్టుండి బొమ్మ ఆగిపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నేల టిక్కెట్టు నుంచి బాల్కనీ దాకా ఒకటే ఈలలు! ఒకటే కేకలు! "ఆపరేటర్ నిద్రపోయాడ్రోయ్!" అని ఒకడు, "డబ్బులు తిరిగిచ్చెయ్యండి!" అని ఇంకొకడు.

ఆ ఆపరేటర్ మా అన్నయ్య.

రాజోలు దగ్గర ఓ హాల్లో పాతికేళ్ళు ప్రొజెక్టర్ నడిపాడు. నాకంటే పదేళ్ళు పెద్దవాడు. 1985లో నాకు పదకొండేళ్ళు. బడి వదలగానే పుస్తకాల సంచీతో సహా ఆపరేటర్ కేబిన్‌లో తేలేవాణ్ణి. కార్బన్ కడ్డీలు మండుతుంటే ఆ గది కొలిమిలా ఉండేది. అన్నయ్య చొక్కా విప్పేసి, మెడలో తువ్వాలు వేసుకుని, తెర మీదే కళ్ళు పెట్టి నిలబడేవాడు. కేబిన్‌లో రెండు మెషీన్లు. ఒకదాంట్లో రీలు అయిపోవస్తుంటే తెర పైమూల చిన్న చుక్క మెరుస్తుంది. అది చూడగానే రెండో మెషీను అందుకునేవాడు. ఓసారి వాటిలో ఒకటి చెడిపోయింది. వారం రోజులపాటు ఒక్కదాంతోనే ఆట ఆడించాడు. రీలుకీ రీలుకీ మధ్య చీకటి, ఆ చీకట్లో జనం ఈలలు. కానీ బొమ్మ మాత్రం పూర్తయ్యేది.

మన వంట్లోనూ అలాంటి మెషీన్లు రెండున్నాయి. అవే కిడ్నీలు. పుస్తకాల్లో మూత్రపిండాలంటారు. ఇవి వంతులేసుకోవు, రెండూ రాత్రింబవళ్ళు కలిసే పనిచేస్తాయి. ఒకటి పోయినా రెండోది మొత్తం ఆట ఆడించేస్తుంది. ఒక్కటే చిక్కు! రెండూ కలిసి మెల్లమెల్లగా చెడిపోతుంటే మాత్రం, లోపల ఎవరూ ఈల వెయ్యరు.

సినిమాకి పనికిరాని జబ్బు

మన సినిమాల్లో జబ్బులకేం తక్కువ? 'ప్రేమాభిషేకం'లో అక్కినేని వారికి కేన్సర్. 'గీతాంజలి'లో హీరోయిన్‌కి గుండెజబ్బు. ఆ జబ్బులకు దగ్గు ఉంటుంది, నొప్పి ఉంటుంది, చెయ్యి గుండె మీద పెట్టుకుంటే చాలు, హాలంతా ముక్కులు చీదుతుంది. కిడ్నీ జబ్బుని ఏ ఆర్టిస్టు మాత్రం ఎలా నటిస్తాడు చెప్పండి? సగానికి పైగా పాడైపోయినా మనిషి మామూలుగానే తిరుగుతాడు, తింటాడు, రెండో ఆటకి కూడా వెళ్ళొస్తాడు!

2019లో అన్నయ్యకి పొద్దున లేవగానే మొహం ఉబ్బరంగా ఉండేది. సాయంత్రానికి చెప్పుల అచ్చు పాదాల మీద దిగబడిపోయేది. వయసన్నాం. తర్వాత ఆకలి చచ్చిపోయింది. వదిన పులస ముక్క వేసినా నోట్లో ఇనుము నములుతున్నట్టుందనేవాడు. వంట్లో రక్తం తగ్గి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రాత్రంతా ఒళ్ళు దురద. చివరికి నేనే బలవంతాన అమలాపురం తీసుకొచ్చాను. రక్తపరీక్షలో క్రియాటినిన్ అని ఒకటి చూస్తారు. కండరాలు పనిచేస్తుంటే పుట్టే చెత్త అది. ఒకటి దగ్గర ఉండాలి. అన్నయ్యకి తొమ్మిది!

"ఎన్నాళ్ళ నుంచి బీపీ?" అన్నాడు డాక్టరు.

"నాకు బీపీ ఏంటండీ బాబూ! ఎప్పుడూ లేదు," అన్నాడు అన్నయ్య.

"ఎప్పుడన్నా చూపించుకున్నారా?"

"లేదండీ."

అదీ సంగతి. లేదనుకున్న బీపీ ఎన్నేళ్ళ నుంచో ఉంది. దానికి తోడు, హాల్లో నిలబడీ నిలబడీ మోకాళ్ళ నొప్పులు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్ళలు రోజుకి రెండు చొప్పున ఏళ్ళ తరబడి మింగాడు. బీపీ ఒక పక్క, బిళ్ళలు ఒక పక్క, రెండూ కలిసి పని పూర్తిచేశాయి.

ఊళ్ళో వాళ్ళు మాత్రం "మన నీళ్ళు కూడా ఉద్దానం నీళ్ళలా అయిపోయాయేమో" అనడం మొదలెట్టారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని మరో కోనసీమ అంటారు కదా. అక్కడా మనకిలాగే కొబ్బరితోటలు, పచ్చదనం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఎంతోమందికి సుగరూ, బీపీ లేకుండానే కిడ్నీలు పోతున్నాయి. ఎన్ని పరిశోధనలు జరిగినా ఇదీ కారణం అని ఒక్కటి తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి పెట్టారు. "వాళ్ళది తేలని కథ. మీది తేలిపోయిన కథ. ఒక్క బీపీ మిషనుతో ఆపగలిగేది," అన్నాడు డాక్టరు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

రోజుకి ఆరొందల బొండాలు

అసలీ కిడ్నీలు చేసేదేమిటి? "ఒంటికి రెండుకి పంపించడం" అనుకునేవాణ్ణి నేను కూడా. అన్నయ్య మంచం పక్కన కూర్చున్నాక తెలిసింది వాటి మహత్యం.

ఒక్కొక్కటీ మన గుప్పెడంత. నడుం పైన, వెన్నెముకకి అటూ ఇటూ ఉంటాయి. ఒక్కోదాంట్లో సుమారు పదిలక్షల వడపోత గొట్టాలు. వాటిని నెఫ్రాన్లంటారు. గుండె కొట్టే రక్తంలో అయిదో వంతు వీటి దగ్గరికే వస్తుంది. రోజుకి 180 లీటర్ల నీరు వడకడతాయి. మన లెక్కలో చెప్పాలంటే, ఆరొందల బొండాల నీళ్ళు! మరి బయటికి వెళ్ళేది? లీటరున్నర. మిగతాదంతా మళ్ళీ రక్తంలోకే.

ఇక్కడే ఉంది తమాషా. కిడ్నీ చెత్తని ఏరి పారెయ్యదు. ముందు నీళ్ళు, ఉప్పు, చక్కెర, చెత్త అన్నీ కలిపి బయటికి తోసేస్తుంది. రక్తకణాల్నీ, మాంసకృత్తుల్నీ మాత్రం జల్లెడ దాటనివ్వదు. తర్వాత నెఫ్రాను గొట్టం పొడుగునా నడుస్తూ, వంటికి కావలసింది చుక్కచుక్కగా వెనక్కి ఏరుకుంటుంది. మంచి ఎడిటర్ లాగన్నమాట! ఫిలిమంతా బల్ల మీద పోసుకుని, పనికొచ్చే షాట్లు ఉంచుకుని, ఎన్.జి. షాట్లు బుట్టలో వేస్తాడు చూడండి, అలా.

పైగా ఈ ఎడిటర్‌కి వేరే డ్యూటీలు కూడా ఉన్నాయి. బీపీని అదుపులో ఉంచడం, ఎర్రరక్తకణాలు తయారుచెయ్యమని ఎముకల్లోని మూలుగుకి కబురు పెట్టడం, డి విటమిన్‌ని పనికొచ్చేలా మార్చడం. అందుకే కిడ్నీ చెడితే రక్తం తగ్గుతుంది, ఎముకలు గుల్లబారతాయి, బీపీ ఇంకా పెరుగుతుంది. రక్తంలో ఫాస్ఫరస్ పేరుకుపోతే ఆ దురద ఎక్కువవుతుంది. అన్నట్టు, రక్తంలో ఆ ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని 1925లో ప్రపంచానికి చెప్పిన ఇద్దరిలో ఒకరు మన గోదావరి అవతలి గట్టు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు! ఈ సంగతి చెబితే అన్నయ్య, "అయితే మనోడే కదరా నా దురద కొలిచింది," అని నవ్వాడు.

వారానికి మూడు షోలు

డయాలసిస్ మొదలైంది. మంగళ, గురు, శనివారాలు. షోకి నాలుగు గంటలు, ఇంటర్వెల్ లేదు. ముందుగా చేతిలో ధమనినీ సిరనీ కలిపి చిన్న ఆపరేషన్ చేశారు. దాన్ని ఫిస్టులా అంటారు. అక్కడ వేలు పెడితే జుమ్ముమని కొట్టుకుంటుంది. "ప్రొజెక్టర్ మోటారు లాగుందిరా చిన్నోడా," అన్నాడు. రెండు లావుపాటి సూదులు. ఒకదాంట్లోంచి రక్తం మెషీనులోకి, ఇంకొకదాంట్లోంచి వెనక్కి. మధ్యలో జానెడు పైచిలుకు ప్లాస్టిక్ గొట్టం. అందులో వెంట్రుకల్లాంటి సన్నని బోలు పోగులు వేలకొద్దీ. పోగుల లోపల రక్తం, బయట మందు కలిపిన శుద్ధజలం. చెత్త రక్తంలోంచి ఆ నీళ్ళలోకి జారిపోతుంది. ఒక్క షోకి నూటఇరవై లీటర్ల నీళ్ళు ఖర్చు.

మొదటి పనికొచ్చే మెషీనుని 1943లో కోల్ఫ్ అనే డచ్చి డాక్టరు చేశాడట. జర్మన్లు దేశాన్ని ఆక్రమించుకుని ఉన్న రోజులవి. సాసేజి చుట్టే సెల్లోఫేన్ గొట్టాన్ని ఓ డ్రమ్ముకి చుట్టి తిప్పాడు. మొదట్లో రోగులు దాదాపు అందరూ పోయారు. 1945లో 67 ఏళ్ళ ఓ ముసలామె బతికి బయటపడింది. ఆవిడ బతికింది గనుకనే ఇవాళ మా అన్నయ్య బతికున్నాడు.

ఖర్చు మాకు ప్రభుత్వ పథకం కింద గడిచింది. అప్పట్లో ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ. కానీ మెషీను వారానికి పన్నెండు గంటలే పనిచేస్తుంది. కిడ్నీలు చేసేది నూట అరవై ఎనిమిది! ఆ తేడాని నోరు కట్టుకుని పూడ్చాలి. ఉప్పు లేదు. ఆవకాయ లేదు. నీళ్ళు కొలిచి తాగాలి. అన్నిటికన్నా ఘోరం, పొటాషియం. అది రక్తంలో పెరిగితే గుండె నిల్చున్నపళంగా ఆగిపోవచ్చు. అదెందులో ఉంటుందంటారా? కొబ్బరినీళ్ళలో! అరటిపండులో!

కోనసీమలో పుట్టినవాడికి కొబ్బరినీళ్ళు వద్దంటే ఏం చెప్పను? పెరట్లో పన్నెండు చెట్లు. చుట్టాలొస్తే వదిన బొండాలు కొట్టించి గ్లాసుల్లో పోస్తుంటే అన్నయ్య వీధరుగు మీదకి వెళ్ళి కూర్చునేవాడు. చుట్టూ గోదావరి, నాలుక మాత్రం పిడచ. ఐసుముక్క బుగ్గన పెట్టుకుని పాత సినిమాల కబుర్లు చెప్పేవాడు.

వరద

హాలు మూతపడ్డాక అన్నయ్య వాళ్ళు వదిన పుట్టింటి లంకలో ఉంటున్నారు. 2022 జులైలో వచ్చిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. శనివారం డయాలసిస్‌కి రావాలి, దారి లేదు. ఆదివారం కూడా లేదు. సోమవారం తెల్లవారుజామున వదిన ఫోను: "పడుకుంటే ఊపిరందడం లేదయ్యా, రాత్రంతా కూర్చునే ఉన్నారు." బయటికి పోవాల్సిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి ఎక్కాయన్నమాట. ఇంటి బయటా వరదే, ఒంటి లోపలా వరదే! నలుగురు కుర్రాళ్ళు నాటుపడవలో మంచంతో సహా గట్టుకి చేర్చారు. మెషీను మీద పడుకోబెట్టిన మూడో గంటకి కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట: "ఏ రీలులో ఉన్నాంరా?"

ఆ రోజే నేను నిశ్చయించుకున్నాను, నా కిడ్నీ ఒకటి ఇచ్చేద్దామని.

వదినది రక్తం గ్రూపు కలవలేదు. నాది కలిసింది. 1994 చట్టం ప్రకారం తోడబుట్టినవాడు దగ్గర బంధువే, ఇవ్వొచ్చు. విశాఖ వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, ముందురోజు రాత్రి లాడ్జిలో నిద్ర పట్టలేదు. పిల్లలు గుర్తొచ్చారు. 'ఏదో ఒక పరీక్షలో తప్పితే బాగుణ్ణు' అని మనసులో అనుకున్నాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

తప్పాను! బీపీ 170, 110. మూత్రంలో ఆల్బుమిన్. అంటే నా జల్లెడకి అప్పటికే చిల్లులు పడుతున్నాయి. నాకు నొప్పి లేదు, వాపు లేదు, ఏమీ లేదు! "ఇవ్వడం సంగతి తర్వాతండీ, ముందు ఉన్నవి మీకు మిగుల్చుకోండి," అన్నాడు డాక్టరు. తిరిగొస్తుంటే ఎదుర్లంక వంతెన మీద బస్సులో ఏడ్చాను. అన్నయ్యకి ఇవ్వలేకపోయినందుకా, ఇవ్వక్కర్లేదని ఊపిరి పీల్చుకున్నందుకా? ఏమో మరి.

అన్నయ్యకి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత నా చెయ్యి తీసి తన ఫిస్టులా మీద పెట్టి, "నువ్వు నాకు ఇద్దామని వెళ్ళావు, నేనే నీకు ఇచ్చాను చూశావా?" అన్నాడు.

నిజమే. ఆయన కోసం వెళ్ళకపోతే నాకూ తొమ్మిది దాకా తెలిసేది కాదు. మూడేళ్ళ పైనయింది. బీపీ బిళ్ళ వేసుకుంటున్నాను, ఉప్పు తగ్గించాను, నొప్పి బిళ్ళ ముట్టను. క్రియాటినిన్ కదల్లేదు.

కుర్రకారు మిత్రులకు ఒక్క మాట. రానా 2020లో ఓ ఓటీటీ షోలో, చిన్నప్పటి నుంచి ఉన్న బీపీ గురించీ, తన కిడ్నీలు దెబ్బతిన్న సంగతీ తనే చెప్పాడు. 'గబ్బర్‌సింగ్'లో మనల్ని నవ్వించిన ఫిష్ వెంకట్ 2025 జులైలో కిడ్నీలు పాడైపోయి పోయాడు. కండలున్నవాణ్ణీ, నవ్వించేవాణ్ణీ అది చూడదు. ఇంట్లో ఎవరికైనా బీపీ, సుగరు, కిడ్నీ జబ్బు ఉంటే మీరు ఏడాదికోసారి బీపీ, సుగరు, మూత్రం, క్రియాటినిన్ చూపించుకోండి. కుటుంబమంతా సినిమాకెళ్తే అయ్యేపాటి ఖర్చు.

అన్నయ్య జీవన్‌దాన్ జాబితాలో పేరు రాయించుకుని ఎదురుచూస్తున్నాడు. చనిపోయినవాళ్ళ బంధువులు ఒప్పుకుంటేనే ఆ పిలుపొస్తుంది. శనివారం డయాలసిస్ అయ్యాక ఓపికుంటే ఇద్దరం అమలాపురంలో ఫస్టు షోకి వెళ్తాం. ఆయన చేతిలో ఐసుముక్కల ఫ్లాస్కు. ఇప్పుడు రీళ్ళు లేవు, తెర మూల చుక్క లేదు. అయినా అలవాటు కొద్దీ అటే చూస్తాడు. లైట్లు ఆరిపోయే ముందు మాత్రం నన్ను అడుగుతాడు:

"బిళ్ళ వేసుకున్నావట్రా చిన్నోడా?"

"ఆయ్, వేసుకున్నాను," అన్నాక గాని బొమ్మ చూడనివ్వడు.